కరవలేదు కదా అంటే సరిపోతుందా?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, వీధి బయటపెట్టవద్దన్నారు. అందుకని వాటిని వదిలేసి, మిగతాది ఆవిడ మాటల్లోనే కుదించి ఇస్తున్నాను.

"మాది ఎం.ఆర్.పల్లి వైపు ఒక కాలనీ. నాకు 36 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తున్నాను. మా ఆయనది శ్రీసిటీలో ఉద్యోగం. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కితే మళ్లీ రాత్రికే రావడం. ఇంట్లో మామయ్య, ఎనిమిదేళ్ల మా బాబు ఉంటారు. మామయ్యకు 71. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, చాలా ఏళ్లు తిరుమల ఘాట్ రోడ్డు డ్యూటీయే చేశారు. మూడేళ్ల కిందట అత్తమ్మ పోయాక ఆయన తిండి సరిగ్గా తినక, ఎవరితోనూ మాట్లాడక చిక్కి సగమయ్యారు. అప్పుడు మా ఆయన ఒక లాబ్రడార్ పిల్లను తెచ్చి ఆయన ఒళ్లో పెట్టారు. పేరు రాకీ. అది వచ్చాకే ఇంట్లో ఆయన గొంతు మళ్లీ వినిపించింది. ఇప్పుడది 34 కిలోలు.

రోజూ పొద్దున్నే అయిదున్నరకు దాన్ని వాకింగుకు తీసుకుపోతారు. గొలుసు తీసుకుపోతారు గానీ అది ఆయన భుజం మీద కండువా మాదిరి ఉంటుంది. కుక్క ముందు పరుగెత్తుతూ ఉంటుంది. ఎవరైనా బెదిరితే 'ఏం చెయ్యదులేబ్బా, ఊరికే వాసన చూస్తాది' అంటారు. ఒకసారి గొలుసు పట్టుకుని పోతుంటే అది లాగి పడబోయారట. అప్పటినుంచి ఎడమ భుజం నొప్పి అంటూనే ఉన్నారు. సుగరు, బీపీ కూడా ఉన్నాయి.

పోయిన వారం ఎదురింటి అవ్వ పొద్దున్నే ధనుర్మాసం ముగ్గు వేస్తూ ఉంది. రాకీ వెనకనుంచి పరుగెత్తుకుంటూ పోయి ఆమె మీద కాళ్లు వేసింది. ఆమె ఉలిక్కిపడి మెట్టు మీద చెయ్యి ఆనించి పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు అన్నారు. మోచేతి కింద గోటి గీత పడి కొంచెం రక్తం కూడా వచ్చింది, కానీ ఆ హడావుడిలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అవ్వ పూలు కట్టి అంగళ్లకు ఇచ్చి బతుకుతుంది. ఇప్పుడా పని ఆగిపోయింది.

మామయ్యేమో 'కరవలేదు కదా, ఆమే బెదిరి పడింది, కుక్కదేం తప్పు' అంటున్నారు. ఆ రోజునుంచి ఎదురింటి వైపు చూడటమే మానేశారు. నేను వెళ్లి క్షమాపణ చెప్పి ఆస్పత్రి ఖర్చు ఇచ్చి వద్దామంటే, 'డబ్బిస్తే తప్పు ఒప్పుకున్నట్టే, రేపు కేసు పెడితే అదే సాక్ష్యం' అని మా ఆయన ఆపుతున్నారు. అవ్వ కొడుకు ట్యాక్సీ నడుపుతాడు. నిన్న మా గేటు ముందు నిలబడి 'దాన్ని మీరు కట్టేస్తారా, మమ్మల్నే చూసుకోమంటారా' అన్నాడు. విషం పెడతాడేమోనని భయంగా ఉంది. పాకాల దగ్గర మా చిన్నమామకు మామిడితోట ఉంది, రాకీని అక్కడ వదిలేద్దామని చిన్నమామ అంటున్నారు. ఆ మాట చెవిన పడినప్పటినుంచి మామయ్య అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నారు. ఇంకో సంగతి, టీకాల కార్డు తీసి చూస్తే పోయిన ఏడాది వేయించాల్సిన రేబిస్ టీకా వేయించనే లేదు. నేనెవరి పక్షం ఉండాలో తెలియడం లేదు. ఏం చేయమంటారు?"

అమ్మా, ఎవరి పక్షం అన్నది తరువాత. ముందు ఆ గోటి గీత సంగతి చూడాలి. మిగతావన్నీ నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు, ఇది ఆగదు. ఈ సమాధానం మీరు చదివేలోపే అవ్వ ఆస్పత్రికి వెళ్లి ఉంటే సంతోషం. లేకపోతే చదివిన రోజే వెళ్లాలి.

రేబిస్ కాటుతోనే వస్తుందని చాలామంది అనుకుంటారు. కుక్కలు గోళ్లు నాకుతుంటాయి, లాలాజలంలో క్రిమి ఉంటే గీరినా సోకవచ్చు. రక్తం కనిపించిన గీత అంటే చర్మం తెగినట్టే లెక్క. అలాంటప్పుడు టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ (క్రిమిని వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీల మందు) ఇంజెక్షన్ కూడా ఇవ్వాల్సి రావచ్చు. అది డాక్టరు చూసి నిర్ణయిస్తారు. ఆ రోజే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఉండాల్సింది. కడగలేదు కాబట్టి, ఆలస్యమైంది కాబట్టి ఇక లాభం లేదనుకోకండి. ఆలస్యమైనా టీకా మొదలుపెట్టాల్సిందే. రుయా ప్రభుత్వ ఆస్పత్రిలో ఈ టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదలుపెట్టిన రోజు ఒకసారి, ఆ రోజుకు మూడు, ఏడు, ఇరవై ఎనిమిది రోజుల తరువాత మళ్లీ వేస్తారు. చేతికి కట్టు ఉన్న ఆమె అన్నిసార్లు ఆటోలు ఎక్కి దిగాలి, క్యూలో నిలబడాలి. ఆ ప్రయాణాల బాధ్యత మీ ఇంటిది.

రాకీ ఇంట్లో పెరిగిన కుక్క, ఆరోగ్యంగా ఉంది కాబట్టి ప్రమాదం చాలా తక్కువ ఉండొచ్చు. గీరిన రోజునుంచి పది రోజులు కుక్క మామూలుగా తింటూ తిరుగుతూ ఉంటే, ఆ గీత వల్ల రేబిస్ భయం లేదని డాక్టర్లు తేల్చి, మిగతా డోసుల గురించి చెబుతారు. కానీ ఆ పది రోజులూ చూద్దాంలే అని ఊరుకోవడం మాత్రం కుదరదు. ఆ జబ్బు లక్షణాలు ఒకసారి బయటపడితే మనిషి బతకడం దాదాపు ఉండదు. ఈ లోపల రాకీని కూడా వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకువెళ్లండి. 1955 నుంచి మీ ఊళ్లో ఉన్న కాలేజీ అది. జరిగింది దాచకుండా చెప్పండి, కార్డు చూపించండి. ఆగిపోయిన టీకా ఏ రోజు వేయాలో వాళ్లు చెబుతారు. ఏడాదికోసారి వేయించే ఆ ఇంజెక్షన్ విషయంలో అశ్రద్ధ మాత్రం మీ ఇంట్లో అందరిదీ. మామయ్య ఒక్కరి మీదే నెట్టకండి.

ఇక 'కరవలేదు కదా' అన్న మాట. మామయ్యకు తెలిసిన రాకీ వేరు, అవ్వ మీదికి వచ్చిన రాకీ వేరు. చేతిలో పెరిగిన కుక్క స్వభావం ఆయనకు తెలుసు. దాని తోక ఎలా ఊగితే ఏమిటో ఆయనకు తెలుసు. ముగ్గు వేస్తూ వంగి ఉన్న అరవై దాటిన మనిషికి వెనకనుంచి 34 కిలోల బరువు మీద పడితే, అది ప్రేమతో పడిందో కోపంతో పడిందో తేల్చుకునే తీరిక ఎక్కడుంది? కుక్క ఏమీ చెయ్యదన్న నమ్మకం యజమానిది. ఎదుటివాళ్లు ఆ నమ్మకం మీద తమ మణికట్టును పందెం పెట్టాల్సిన పని లేదు. ఆ గంటలో వీధి ఖాళీ అనుకోవడానికి కూడా లేదు మన ఊళ్లో. పాలవాళ్లు, పేపరు కుర్రాళ్లు, పూలబుట్టలవాళ్లు, మోకాళ్ల నొప్పులతో నెమ్మదిగా నడిచే పెద్దవాళ్లు, కపిలతీర్థం వైపో అలిపిరి వైపో చెప్పుల్లేకుండా పోయే భక్తులు... తిరుపతి తెల్లవారుజామున నిద్రపోయే ఊరు కాదు.

చట్టం కూడా ఇదే దారిలో పోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ ఉంది. తన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి గానీ, తీవ్రమైన గాయానికి గానీ ప్రమాదం రాకుండా చూసుకోవడంలో తెలిసో, నిర్లక్ష్యం వల్లో విఫలమైతే ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో ఇది 289. అప్పుడు జరిమానా వెయ్యి దాకానే ఉండేది. కాటు పడిందా లేదా అన్నది ఆ సెక్షన్ అడగదు. ఎముక విరగడాన్ని తీవ్రమైన గాయాల్లోనే లెక్కేస్తుంది అదే చట్టం 116వ సెక్షన్. మీకు జైలు భయం పెట్టాలని ఇది చెప్పడం లేదు. ఇలాంటివి చాలావరకు వీధిలోనే తెగిపోతాయి. కానీ 'కరవలేదు' అన్నది మీ ఇంటిని కాపాడే వాదన అని మీవారు అనుకుంటూ ఉంటే, అది అంత గట్టిది కాదని తెలియాలి.

మీవారి భయం అర్థం లేనిదని నేననను. మధ్యతరగతి ఇళ్లలో స్టేషన్ మాట వింటేనే టెన్షన్. కానీ ఆలోచించమనండి. కేసు పెట్టాలనుకుంటే అవ్వ కొడుక్కి మీ క్షమాపణతో పనేముంది? విరిగిన చెయ్యి ఉంది, ఎక్స్‌రే ఉంది, చూసిన వీధి ఉంది. మీరు వెళ్లి పలకరించినంత మాత్రాన కొత్తగా కేసు పుట్టదు. వెళ్లకపోతేనే అతను స్టేషన్ దాకా పోవడానికి కారణం దొరుకుతుంది. వారం రోజులుగా ఎదురింటి తలుపు తెరుచుకోలేదన్న కోపమే నిన్న మీ గేటు ముందు నిలబడిందని నాకు అనిపిస్తోంది. చెయ్యి విరిగినందుకు వచ్చిన కోపం అయితే ఆ రోజే వచ్చేది.

కాబట్టి వెళ్లండి. ఎవరు వెళ్లాలన్నది ముఖ్యం. మామయ్య వెళ్తే అన్నిటికంటే మంచిది. ఆయన ఒప్పుకోకపోతే మీరూ మీవారూ కలిసి, ఆదివారం పూట వెళ్లండి. మీరొక్కరే వెళ్తే అది మొగుడికి తెలియకుండా కోడలు చేసిన పని అవుతుంది. రేపు ఏ తేడా వచ్చినా మాట మీ మీదికే వస్తుంది. అక్కడ 'మీరు భయపడకుండా ఉండుంటే' అనే మాట ఏ రూపంలోనూ రాకూడదు. 'మా కుక్కను మేము పట్టుకుని ఉండాల్సింది, పట్టుకోలేదు' అంటే చాలు. ఆ తరువాత ఆస్పత్రి బిల్లు. ఆస్పత్రి బిల్లుతో లెక్క తీరిపోదు, ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ఆమె చేతుల మీద బతికే మనిషి. ఆరు వారాలు కట్టు అంటే ఆరు వారాలు పూలు కట్టలేదు, కట్టు విప్పాక కూడా వేళ్లు బిగుసుకుపోయి కొన్నాళ్లు దారం పట్టుకోలేదు. ధనుర్మాసం, సంక్రాంతి అంటే పూలకు గిరాకీ ఉండే రోజులు. ఆమె రోజుకు ఎంత సంపాదిస్తుందో ఆమెనే అడగండి, మీరు ఊహించి ఒక అంకె చేతిలో పెట్టకండి. ఒకేసారి ఇవ్వలేకపోతే వారం వారం ఇవ్వండి. దానికి దానం రంగు పూయకండి, ఆమెకు రావాల్సిన కూలి అది.

డబ్బు ఇచ్చినట్టు తెలిసేలా మీ దగ్గర ఒక చిన్న లెక్క ఉంచుకోవడంలో తప్పు లేదు. కాగితం మీద సంతకాలు అడగాలని మీవారు పట్టుబడితే, అది మొదటిరోజే చేయకండి. పలకరించడానికి వచ్చి స్టాంపు పేపరు తీస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. విషయం స్టేషన్ దాకా వెళ్లేట్టుంటే సంతకాలకు ముందు ఒక లాయర్ని కలవండి.

ఇప్పుడు మామయ్య. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం ఆయన భుజం గురించి మీరు రాసింది. గొలుసు లాగితే పడబోయారు, అప్పటినుంచి నొప్పి అంటున్నారు అని ఒక్క ముక్కలో రాసి ముందుకు పోయారు. నాకు కథ మొత్తం అక్కడే కనిపిస్తోంది. ఆయన గొలుసు విప్పేసింది కుక్కకు స్వేచ్ఛ ఇవ్వడానికి కాకపోవచ్చు. దాన్ని పట్టుకునే బలం తన చేతిలో లేదు. ఆ మాట కొడుకుతోనో కోడలితోనో చెప్పడం కంటే 'ఏం చెయ్యదులేబ్బా' అనడం తేలిక. ఎన్నో ఏళ్లు ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సు నిండా మనుషుల్ని కొండ దించిన మనిషి, ఒక కుక్కను ఆపలేకపోతున్నానని ఎలా ఒప్పుకుంటారు? ఇది నా ఊహే, తప్పు కావచ్చు. కానీ ఒకసారి ఈ కోణంలో చూడండి. మీరు ఇన్నాళ్లూ ఆయన మొండితనంతో వాదిస్తున్నారు, ఆయన తన చేతకానితనాన్ని దాచుకుంటున్నారు. అందుకే మాట కుదరడం లేదు.

అందుకని 'గొలుసు ఎందుకు వేయరు' అని అడగకండి. 'భుజం ఎలా ఉంది మామయ్యా, గొలుసు లాగితే నొప్పి పుడుతుందా' అని అడగండి. బాబు లేనప్పుడు, మీవారు పక్కన ఉన్నప్పుడు. అసలు ఈ మాట మీవారి నోట వస్తే ఇంకా మంచిది. కొడుకు 'నాయనా, దాన్ని తెచ్చింది నేను, దాని బరువు నీమీద వేసి నేను ఆఫీసుకు పోయినాను' అంటే అందులో అబద్ధమేమీ లేదు. బండి సంగతి తెలిసిన మనిషి కాబట్టి ఒక మాట ఆయనకు బాగా ఎక్కుతుంది. బ్రేకు సరిగా పట్టని బస్సును, ఇది ఎవరినీ గుద్దదులే అని ఏ డ్రైవరైనా డిపో దాటిస్తాడా? మంచి బస్సే కావచ్చు, బ్రేకు పట్టాలి. రాకీ మంచి కుక్కే, దాన్ని పట్టగలిగే చెయ్యి ఉండాలి.

ఆ చెయ్యి ఎవరిది అన్నదే మీ ఇంట్లో తేలాల్సిన అసలు ప్రశ్న. దీనికి నాకు కొన్ని దారులు కనిపిస్తున్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఖర్చు ఉంది.

మామయ్యే తీసుకువెళ్లడం మొదటిది. అయితే పాత గొలుసుతో కాదు. మెడకు వేసే గొలుసును లాబ్రడార్ లాంటి బలమైన కుక్క లాగుతూనే ఉంటుంది. ఒంటికి తొడిగే బెల్టు దొరుకుతుంది, షాపుల్లో హార్నెస్ అంటారు. అందులో ఛాతీ దగ్గర కొక్కెం ఉండే రకం తీసుకోండి. కుక్క ముందుకు దూకితే దాని ఒళ్లే పక్కకు తిరుగుతుంది, పట్టుకున్నవాళ్ల భుజం మీద బరువు తగ్గుతుంది. తాడు నాలుగు నుంచి ఆరు అడుగులు చాలు. బటన్ నొక్కితే బారెడు సాగే రకాలు వీధిలో పనికిరావు, కుక్క మనిషి దాకా వెళ్లాక లాగి ఏం లాభం? తాడును మణికట్టుకు చుట్టుకోవద్దని మామయ్యకు గట్టిగా చెప్పండి. కుక్క ఉరికితే వదిలేసే వీలు ఉండదు, ఈసారి విరిగేది ఆయన చెయ్యే అవుతుంది. ఇవన్నీ చేసినా 71 ఏళ్ల మనిషికి, నొప్పి భుజంతో, రెండు మూడేళ్ల లాబ్రడార్‌ను ఒంటరిగా నడిపించడం నాకు ధైర్యంగా అనిపించడం లేదు. గాయం ఆయనకే తగిలితే సుగరుతో అది త్వరగా మానదు కూడా.

రెండోది పనిని విడదీయడం. ఆ వయసు లాబ్రడార్‌కు రోజుకు గంటకు తక్కువ కాకుండా ఒళ్లు అలిసే పని కావాలి. అది తీరకపోతే కనిపించిన ప్రతి మనిషి మీదా ఎగురుతుంది. అలా అలిసేలా చేసే నడక వయసులో ఉన్నవాళ్లు చేయించాలి. ఒళ్లు అలిసిన కుక్కను తరువాత మామయ్య గేటు దగ్గర, ఇంటి ముందు పది నిమిషాలు తిప్పుకోవచ్చు. ఆయన పక్కన రాకీ ఉండటం ఆగదు, వీధికి ప్రమాదమూ తగ్గుతుంది. మరి ఆ వయసులో ఉన్నవాళ్లు ఎవరు? మీవారు పొద్దున్నే బస్సెక్కుతారు కాబట్టి చేయాల్సిన వంతు మీదని అందరూ అనుకోవడం ఖాయం. బాబు టిఫిను, మామయ్య మందులు, స్కూలు, ఇప్పుడు కుక్క కూడానా? ఈ ఒక్క విషయంలో నేను నిష్పక్షపాతంగా ఉండలేను. కుక్కను తెచ్చింది ఆయన. వారంలో సెలవు రోజులు రెండు పూటలా, పనిరోజుల్లో రాత్రి వచ్చాక ఒకసారి ఆయన తిప్పాలి. పనిరోజుల పొద్దుటి పూటకు తెలిసిన కుర్రాణ్ణి ఎవరినైనా జీతానికి పెట్టుకోండి. కుక్కను పట్టుకోవడం వచ్చినవాడా అని మొదటి కొన్ని రోజులు పక్కన నడిచి చూసుకోండి. దీనికి నెలనెలా డబ్బు పోతుంది. కుక్కను పెంచడంలో తిండి, మందుల లెక్కలో ఇదీ ఒకటనుకోండి.

ఎవరు తిప్పినా, ఎదురుగా మనిషి వస్తే ఆగి, తాడు దగ్గరికి పట్టి, కుక్కను కూర్చోబెట్టడం అలవాటు చేయాలి. చేతిలో చిన్న బిస్కెట్టు ముక్క పెట్టుకుని రోజూ నేర్పితే లాబ్రడార్లు త్వరగానే పట్టుకుంటాయి, తిండి కోసం అవి ఏమైనా చేస్తాయి. కొట్టి నేర్పవద్దు. కుక్కంటే భయపడేవాళ్లను చూస్తే దారి మనమే మారాలి. మీ మామయ్య మీకు ఇంకో వాదన కూడా చెప్పి ఉంటారు: వీధికుక్కలు మీద పడితే రాకీ తప్పించుకోవాలంటే వదిలే ఉండాలని. చాలామంది ఇదే అంటారు. నిజానికి విప్పి వదిలిన కుక్కే వాటి హద్దులోకి పరుగెత్తి గొడవ తెచ్చుకుంటుంది. వాటికి జనం అన్నం పెట్టే చోట్లు, వేళలు మీకు తెలిసే ఉంటాయి, ఆ సందు వదిలి ఇంకో సందులో పోతే సగం తగవు ఉండదు. యూనివర్సిటీ వైపు, కొండ అంచున చీకట్లో మాత్రం తీసుకుపోనివ్వకండి. ఆ చుట్టుపక్కల చిరుతలు కనిపించిన వార్తలు మీకు తెలియనివి కావు, చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. ఎండాకాలంలో రోడ్డు మీద మీ అరచెయ్యి వెనకభాగం అయిదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలు కూడా ఆనవు. అన్నట్టు, ఒక కవరు కూడా వెంట ఉండాలి. ముగ్గు ముందు అది చేసే పనిని ఎత్తాల్సింది మీరే.

ఇక మామిడితోట. అది మూడో దారి. మీ చిన్నమామ మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ తోటకు పోయిన ఇంటికుక్క గతి సాధారణంగా ఏమవుతుందో మీకూ తెలుసు. పగలంతా చెట్టుకు కట్టేసి ఉంటుంది, కాపలావాడు మిగిలింది పెడతాడు, మొరగడమే దాని ఉద్యోగం. మనుషుల మధ్య పెరిగిన కుక్క అక్కడ పాడైపోతుంది, కొన్నాళ్లకు నిజంగానే కరిచే కుక్కవుతుంది. మామయ్యకు ఏమవుతుందో మీరే రాశారు, ఆయన కంచం ముందు నుంచి లేచిపోతున్నారు. వదిలేయాల్సిన పరిస్థితి నిజంగా వస్తే, తోటకు కాకుండా, లాబ్రడార్‌ను ఇంట్లో పెంచుకునే అలవాటున్న తెలిసినవాళ్లకు, ఇల్లు చూసి మరీ ఇవ్వండి. రోడ్డు మీద వదలడం గురించి ఎవరైనా మాట్లాడితే, తిండి నీళ్లు లేక బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరమని చెప్పండి. నా మటుకు నేను ఈ మూడో దారిని ఇప్పుడే తీసుకోను. మొదటి రెండూ మనస్ఫూర్తిగా చేసి చూడలేదు మీ ఇల్లు.

వీధిలో ఎవరైనా కుక్కనే పెంచకూడదని తీర్మానం చేస్తామంటే కంగారు పడకండి. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం కాలనీ సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అవే మార్గదర్శకాలు కుక్కను బయట తాడు మీద ఉంచాలని, మలమూత్రాల శుభ్రత చూసుకోవాలని యజమానులకు కూడా చెబుతాయి. మొదటి సగం చదివి రెండో సగం చదవనివాళ్లే ఎక్కువ. నగరపాలక సంస్థలో పెంపుడు కుక్క లైసెన్సు గురించి కూడా అడిగి ఆ పని పూర్తి చేసుకోండి, అవసరం పడితే కాగితం మీ చేతిలో ఉంటుంది.

అవ్వ కొడుకు మాట గురించి భయపడుతున్నారు. జంతువుకు విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325 కింద అయిదేళ్ల దాకా జైలు ఉంది. ఇది మీరు తెలుసుకోవడానికి మాత్రమే. వాళ్లింటికి వెళ్లినప్పుడు ఈ సెక్షన్ నోటికి రాకూడదు, తల్లి చెయ్యి విరిగిన మనిషికి చట్టం చదివి వినిపించే హక్కు ఇప్పుడు మీకు లేదు. బదులుగా అతనికి రేపటినుంచి ఏం మారబోతోందో చెప్పండి: కుక్క గేటు దాటితే తాడు మీదే ఉంటుంది, ఇంకొకరు తిప్పుతారు, పొద్దుటిపూట ముగ్గుల వేళకు మీ వీధిలో తిరగదు. చెప్పిన మర్నాడే అది అతనికి కనిపించాలి. కొన్నాళ్లు గేటుకు గడియ కూడా పెట్టి ఉంచండి, రాకీ ఒంటరిగా బయటికి రాకుండా, బయటివాళ్లు విసిరింది తినకుండా. బాబుకు కూడా చెప్పండి, స్కూలు బస్సు వచ్చినప్పుడు గేటు తెరిచి పరుగెత్తేది సాధారణంగా పిల్లలే.

మామయ్యను అవ్వ దగ్గరికి తీసుకువెళ్లడానికి తొందరపెట్టకండి. టీకా రోజుల్లో ఒకసారి ఆటో మాట్లాడి, అవ్వను రుయాకు తీసుకుపోయే పని ఆయనకే అప్పగించి చూడండి. క్షమాపణ అనే మాట ఆ తరం మగవాళ్ల గొంతులో అడ్డుపడుతుంది గానీ, ఆస్పత్రి క్యూలో పక్కన నిలబడటం వాళ్లకు వచ్చు. ఒప్పుకోకపోతే మీరిద్దరూ చేయండి, పని మాత్రం ఆగకూడదు.

అదే వారంలో ఆయన భుజాన్ని ఎముకల డాక్టరుకు చూపించండి. సుగరు ఉన్నవాళ్లలో భుజం బిగుసుకుపోవడం ఎక్కువ, కుక్క లాగడం వల్ల వచ్చిన బెణుకు అనుకుని నెలల తరబడి వదిలేస్తారు. ఫిజియోథెరపీ మొదలుపెడితే చాలావరకు తగ్గుతుంది. చెయ్యి పైకెత్తి చొక్కా తొడుక్కోగలుగుతున్నారా, వీపు వెనకకు పోతుందా అని ఇంట్లోనే ఒకసారి చూడండి, డాక్టరు మొదట అడిగేది అదే.